అల్లుడి నంబరు

రైలుకట్ట మీదికి నీళ్లెక్కిన వరద వచ్చింది చూడండి, ఆ వరద తర్వాత మూడో ఏడు జరిగింది ఇది.

వరదప్పుడు ఎలుకల గదిలోకి మోకాళ్లలోతు నీళ్లొచ్చాయి. ఆ గది మందులు పరీక్షించే భవనానికి అడుగున, వీధి కంటే పల్లంలో ఉంటుంది. ఎలుకలు చావలేదు. వాటి పెట్టెలు ఎత్తు బల్లల మీద ఉన్నాయి గనక బతికాయి. పోయినవి చీటీలు. ప్రతి పెట్టెకీ ముందు ఒక అట్టముక్క వేలాడేది. ఏ ఎలుక మందు తింటోంది, ఏది ఉత్త మేత తింటోంది, అంతా ఆ అట్ట మీదే. హడావిడిగా పెట్టెల్ని పై అంతస్తుకి మోసేటప్పుడు అట్టలు ఊడి నీళ్లపాలయ్యాయి. నీళ్లు తీశాక చూస్తే అన్నీ తెల్ల చిట్టెలుకలే, ఒక్క తల్లి కన్నట్టున్నాయి. ఏది ఏదో పుట్టించినవాడికే తెలియాలి. రెండేళ్ల పని ఏట్లో కలిసింది.

ఆ గదిలో ఇద్దరే మనుషులు. ఒకడు బావ, రెండోవాడు బావమరిది. బావ నోరు మూతపడేది నిద్రలోనే, అదీ గురక రాకపోతే. బావమరిది నోరు తెరిచేది తిండికే. చిన్నప్పుడు బడిలో పెట్టిన పేరో, ఇంట్లో పెట్టిన పేరో, అతన్ని అందరూ ముంగి అనేవాళ్లు. పెళ్లి కాలేదు. పక్కవీధిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. సాయంత్రం భోజనం మాత్రం అక్క ఇంట్లోనే. అమ్మ పోయాక అక్కే అమ్మ.

వరద దెబ్బకి పైవాళ్లకి బుద్ధొచ్చింది. పైవాళ్లంటే పై అంతస్తుల్లో కూర్చునేవాళ్లు. ఇక చీటీలు వద్దన్నారు. చిప్పులు తెప్పించారు. చిప్పంటే ఒక గాజుగింజ, బియ్యపుగింజ కన్నా కాస్త పెద్దది. దాన్ని లావుపాటి సూదితో ఎలుక మెడ వెనక చర్మం కిందికి పంపాలి. పైనుంచి రీడరు అనే చేతిపరికరం తిప్పితే కీచుమంటుంది, పక్కనున్న కంప్యూటర్లో ఆ ఎలుక నంబరు పడుతుంది. వరదొచ్చినా, నిప్పొచ్చినా ఎలుక ఎక్కడుంటే దాని నంబరూ అక్కడే ఉంటుంది. అదే వారం బావని గదికి పెద్దని చేశారు. ఒక కుర్చీ కూడా వేశారు.

సూది పని ముంగిది. వాడిది పుర్రచేతి వాటం. ఎడమచేత్తో సూది, కుడిచేత్తో ఎలుక. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెడ చర్మం పట్టి ఎత్తితే ఎలుక కిక్కురుమనేది కాదు. ముంగి చేతిలో ఎలుకలు కూడా ముంగులైపోతాయని బావ అనేవాడు. రోజంతా ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ పోయాడు. చివరి పెట్టెల దగ్గరికొచ్చేసరికి ఒక ఎలుక ఉన్నట్టుండి మెలి తిరిగింది. దబ్బనంలాంటి సూది దాన్ని వదిలేసి ముంగి కుడిచేతి బొటనవేలి మొదట్లో దిగింది.

"గుచ్చుకుందా?" అన్నాడు బావ.

ముంగి తలూపాడు.

"రక్తం సంగతి తర్వాత. చిప్పేదిరా?"

ఎలుక మీద రీడరు తిప్పితే ఉలుకూ లేదు పలుకూ లేదు. సూదిలో చూస్తే ఖాళీ. కింద రంపపుపొట్టు జల్లెడ పట్టారు. లేదు. చివరికి బావ వేళాకోళానికి రీడరుని ముంగి చేతి మీద తిప్పాడు. కీచుమంది.

బావ కాసేపు కళ్లప్పగించి చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "బడి మానేసిన రోజున నీ చేతికి చిప్పే గతని అత్తయ్య తిట్టేదిరా నిన్ను! పెద్దవాళ్ల నోట ఊరికే రాదు మాట. వచ్చింది చూడు చేతికి!"

"పైన చెప్పాలేమో," అన్నాడు ముంగి.

బావ నవ్వు ఆగింది. తలుపు వైపు ఓసారి చూసి దగ్గరికొచ్చాడు.

"చెబితే ఏమవుద్ది? ఈ ఎలుకని లెక్కలోంచి తీసేస్తారు. చిప్పులు సరిగ్గా సరిపడా పంపారు, ఒక్కటి కూడా మిగులు లేదు. నన్ను పెద్దని చేసి వారమన్నా కాలా. ఎలుకకి పొడవమంటే మనిషికి పొడిచారంటే, ఆ కుర్చీ నా కింద వేడెక్కకముందే లాగేస్తారు."

"మరి?"

"మరి ఏముంది. ఈయనగారు చిప్పు లేకుండానే బతుకుతాడు. తూకం రోజున ఈయన తక్కెడెక్కుతాడు, నీ చెయ్యి కీచుమంటుంది. నంబరు పడుద్ది, బరువు పడుద్ది. ఎవడి సొమ్మేం పోయింది? ఇంటల్లుడు అనుకో. పనీపాటా చెయ్యడు, మర్యాద మాత్రం మనం చెయ్యాలి."

అలా ఆ ఎలుకకి అల్లుడని పేరొచ్చింది. ముంగి చెయ్యి రెండు రోజులు వాచి, తర్వాత తీసింది. వేలి మొదట్లో నొక్కితే చర్మం కింద గింజ తగిలేది. అంతే.

తర్వాత వారాలు గడిచాయి. తూకం రోజున బావ ఒక్కో ఎలుకనీ తక్కెడలో పెట్టేవాడు, ముంగి దాని మీద రీడరు తిప్పేవాడు. అల్లుడి వంతు వచ్చినప్పుడు మాత్రం రీడరుని తన బొటనవేలి మీదికి తిప్పుకునేవాడు. మొదట్లో ఇద్దరికీ నవ్వొచ్చేది. తర్వాత బావ ఒక్కడే నవ్వేవాడు.

"కంప్యూటరు మాట వింటే నువ్వు రోజూ మందు తింటున్నావురా. బాగానే ఉన్నావు. ఈ వారం కాస్త ఒళ్లు కూడా చేశావు."

ముంగి తరవాతి పెట్టె మూత తీసేవాడు.

ఏడాది దాటింది. ఎలుకలకి ఏడాదంటే సగం ఆయువు. ఒకరోజు పొట్టు మార్చడానికి ఒక ఎలుకని మెడ పట్టి ఎత్తబోతే ముంగి పట్టు జారింది. మళ్లీ పట్టాడు. చర్మం కింద శనగగింజంత గట్టిది తగిలింది. దాన్ని దించేసి పక్కదాన్ని పట్టాడు. దానికి లేదు. ఆ వరస మొత్తం చూశాడు. చివర్లో ఇంకోదానికి ఉంది.

"గడ్డలు," అన్నాడు బావతో.

బావ పైకి కబురు పంపాడు. కోతల డాక్టరమ్మ దిగి వచ్చింది. కోతలంటే మాటల కోతలు కాదు, ఆవిడ పనే కోసి చూడటం. చచ్చిన ఎలుకల లోపల ఏముందో చూసి రాసేది. నెమ్మదైన మనిషి. గొంతు పెంచగా ఎవరూ వినలేదు. రెండువేళ్లతో ఒక్కోదాని మెడా తడిమింది.

"మందు తినే వరసలో ఉన్నాయి, సరే. మందు తినని వరసలో కూడా ఉన్నాయే?" అంది.

ఆవిడ రెంటిని పైకి తీసుకెళ్లింది. మర్నాడు ఇద్దర్నీ పిలిచి బల్ల మీద చూపించింది. గడ్డని మధ్యకి కోసి ఉంది. పండులో విత్తనంలా మధ్యన గాజుగింజ.

"మందు వల్ల కాదేమో. దీని వల్లేనేమో," అంది.

"అన్నిటికీ వస్తదామ్మా?" అన్నాడు బావ.

"రాదు. చాలావాటికి రాదు. ఏ ఒకటి రెంటికో. దేనికొస్తుందో ముందుగా చెప్పలేం. ఇలా వచ్చినట్టు ఎక్కడో చదివాను కూడా." గింజని పళ్లెంలో వేసి, "చిప్పు లేని ఎలుకలు కొన్నుంటే పక్కన పెట్టి చూడొచ్చు. మీ గదిలో ఒక్కటీ లేదుగా?" అంది.

"ఒక్కటీ లేదమ్మా. అన్నిటికీ వేశాం. మావాడి చెయ్యంటే చెయ్యే."

మావాడు తన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి ముంగి బొటనవేలి మొదలు నొక్కి చూసుకోవడం మొదలుపెట్టాడు. గట్టిగానే ఉంది. ఇదివరకు ఎంతుండేదో గుర్తు తెచ్చుకుందామంటే గుర్తు రాలేదు. పెరిగిందో, రోజూ నొక్కడం వల్ల పెరిగినట్టు తోస్తోందో తేలలేదు. భయం వేసిందా అంటే, వెయ్యలేదు. వెయ్యాలి కాబోలు అనుకున్నాడు. బస్సు రాని చోట బస్సు కోసం నిలబడ్డట్టుంది వాడికి. పెట్టెలు కడిగాడు, నీళ్లసీసాలు నింపాడు, గడ్డలున్నవాటి పెట్టెల మీద ఎర్రకాగితం అంటించాడు. ఎర్రకాగితాలు నెలనెలా కొన్ని పెరిగాయి. అల్లుడి పెట్టె మీద మాత్రం అంటించే పని పడలేదు. అల్లుడు నిక్షేపంలా ఉన్నాడు.

ఒక సాయంత్రం భోజనాల దగ్గర అక్క చూసింది.

"తినడం మానేసి ఆ బొటనవేలు నొక్కుకుంటున్నావేంట్రా? ఆ చేతికేమొచ్చింది? ఇటు చూపించు."

ముంగి చూపించలేదు. అక్కే లాక్కుని చూసింది. వేలితో నొక్కింది.

"ఇదేంటిది?"

"కాయ కాసింది," అన్నాడు బావ. "పని చేసే చెయ్యి కాయ కాయదా?"

"నీ చేతికి లేదే మరి."

"నేను పెద్దని. నా పనంతా నోటితోనే."

"నిన్నడగలేదు. ఒరేయ్, నువ్వు చెప్పు."

ముంగి చెప్పాడు. సూది, అల్లుడు, రీడరు, గడ్డలు. వాడు పుట్టాక ఒక్క ఊపులో అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే కాబోలు. అక్క వాడి చెయ్యి వదల్లేదు.

"గడ్డలొచ్చిన ఎలుకలు చస్తున్నాయా?"

"రాకపోయినా ఎలాగూ చంపుతాంగా," అన్నాడు ముంగి.

అక్క బావ వైపు తిరిగింది. "తెలిసీ ఇన్నాళ్లు నోరు మూసుక్కూచున్నావా? ప్రపంచంలో సంగతులన్నీ చెబుతావే నాకు! ఆ డాక్టరమ్మకి చూపిస్తే ఏం పోయింది?"

"పోయేది నేను," అన్నాడు బావ. ఆ గొంతులో ఎకసెక్కం లేదు. "ఏడాదిన్నరగా నేను కంప్యూటర్లోకి ఎక్కించినదాంట్లో ఒకటి దొంగనంబరని తేలుద్ది. ఒకటి దొంగదైతే మిగతావి నిజమని ఎవడు నమ్ముతాడు? పట్టుకుని బయటికి గెంటుతారు. ఈ వయసులో ఎలుకల్ని తూచడం తప్ప నాకేం వచ్చు? ఎవడు పిలుస్తాడు నన్ను?"

అక్క ఆ బొటనవేలు మళ్లీ నొక్కి చూసింది.

"చూడు, ఇంకెన్నాళ్లో లేదు. పని ముగింపుకొచ్చింది. అన్నిటినీ చంపి పైకి పంపాలి. ముందు రోజు మన వీధి కాంపౌండరు దగ్గరికి తీసుకెళ్తా. చిన్న గాటు పెట్టి చిప్పు తీసేస్తాడు. దాన్ని అల్లుడికి పెట్టేస్తా. వీడి చెయ్యీ శుభ్రం, లెక్కా శుభ్రం. పాము చావాలి, కర్ర విరక్కూడదు."

అక్క వాడి చెయ్యి వదిలేసింది. లేచి ఎంగిలిపళ్లేలు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లింది. అక్కణ్నుంచే, గోడకి చెబుతున్నట్టు అంది.

"బావ చెప్పినట్టు చెయ్యరా."

"సరే," అన్నాడు ముంగి.

ముందు రోజు రానే వచ్చింది. కాంపౌండరు బావకి పాత దోస్తు. చీట్లపేకలో ఒకరి బండారం ఒకరికి తెలుసు. ముంగి చెయ్యి దీపం కింద పెట్టి నొక్కాడు, పక్కలనుంచి కదిపి చూశాడు. కదల్లేదు. తన చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"ఇదేమన్నా ముల్లనుకున్నావా పీకి పారెయ్యడానికి? చుట్టూ మాంసం పట్టేసింది. కింద నరాలుంటాయి. పెద్దాసుపత్రికి పోండి."

"చిన్న గాటేగదరా."

"నీ మెడకి పెట్టమను, పెడతా. దీనికి పెట్టను."

తిరిగొచ్చేటప్పుడు బావ ముందు నడిచాడు. వీధులన్నీ మామూలుగా ఉన్నాయి. కూరలు అమ్మేవాళ్లు గొడుగులు మడుస్తున్నారు. మలుపు దగ్గర బావ ఆగాడు.

"రేపు అల్లుడు కూయకపోతే, గోక్కుని రాల్చేసుకున్నాడంటాను. ఎలుకలన్నాక గోక్కోవా. నువ్వు మాత్రం నోరెత్తకు." అనేసి బావకే నవ్వొచ్చింది. "చూశావా, నీకు చెబుతున్నా నోరెత్తొద్దని!"

మర్నాడు ఎలుకల్ని వరసవారీగా గాలిపెట్టెలో పెట్టారు. అది మూత బిగించి విషపుగాలి వదిలితే నిద్రలా పోయే పెట్టె. ఆ పని ఎప్పుడూ ముంగిదే. ఎన్నేళ్లుగా చేస్తున్నాడో. అల్లుడు చేతిలో ముక్కు ఆడించాడు, వేలు వాసన చూశాడు. ముంగి పెట్టెలో దించాడు. మూత వేశాడు. తర్వాత తీసి పళ్లెంలో మిగతావాటి పక్కన పడుకోబెట్టాడు.

పళ్లేలు మోసుకుని ఇద్దరూ పైకెళ్లారు. డాక్టరమ్మ ఒక్కోదాని మీదా రీడరు తిప్పేది, కీచుమనేది, బావ నంబరు చదివేవాడు, ఆవిడ కోసేది. మధ్యాహ్నం దాటింది. ఆవిడ మెడ నొప్పి పుట్టి మధ్యమధ్య తల అటూ ఇటూ తిప్పుతోంది. అల్లుణ్ణి బావ కావాలనే ఆఖరి పళ్లెంలో చివరన పెట్టాడు.

రీడరు కూయలేదు. ఆవిడ మళ్లీ తిప్పింది. వెల్లకిలా తిప్పి చూసింది, పొట్ట మీద చూసింది.

"దీనికి చిప్పు లేదే?"

"గోక్కుని రాల్చుకునుంటదమ్మా," అన్నాడు బావ. "బతికున్నప్పుడు ఊరికే గోక్కునేది ఇది. మొన్న తూకంలో కూసింది. ఈ రెండు మూడు రోజుల్లోనే పడిపోయుంటది. పొట్టుతో పాటు ఊడ్చేసుంటాం."

ఆవిడ మెడ చర్మం ఒత్తి చూసింది. ఒకటికి రెండుసార్లు చూసింది. తర్వాత కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంది.

"అవును, ఒక్కోసారి జారిపోతాయట. మిగిలిన నంబరు ఇదొక్కటే గనక, ఇది ఇదే. సరే. పడిపోయిందని రాస్తాను. ఇటు జరపండి, కోస్తాను."

అయిపోయింది. బావ ఊపిరి వదలడం ముంగికి వినబడింది. పళ్లెం ఆవిడ ముందుకి జరపాలి. అది ముంగి పని. ముంగి జరపలేదు. కుడిచెయ్యి చాపి అల్లుడి పక్కన బల్ల మీద పెట్టాడు. అరచెయ్యి పైకి.

"చెయ్యి తియ్యండి," అంది డాక్టరమ్మ, ఆనుకున్నాడనుకుని.

"దీని మీద తిప్పండమ్మా."

ఆవిడకి అర్థం కాలేదు. అయినా తిప్పింది. కీచుమంది. కంప్యూటరు వైపు చూసింది, అల్లుణ్ణి చూసింది, చేతిని చూసింది. బావ కిటికీ వైపు తిరిగాడు. ఆ కిటికీలోంచి కనబడేది ఎదుటి గోడ.

ఆవిడ రెండువేళ్లతో తడిమింది. ముందు చుట్టూ, తర్వాత కిందికి, తర్వాత కదులుతుందా లేదా. ఎలుకలకి ఎలా చూసేదో అచ్చం అలాగే. చేతికి తొడుగులున్న సంగతి కూడా మర్చిపోయినట్టుంది.

"నొప్పుందా?"

"లేదు."

"ఎప్పటినుంచి?"

"వీటికి వేసిన రోజు నుంచి."

"ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ బావ వీపు చూసింది. మళ్లీ అడగలేదు. తొడుగులు తీసేసి చేతులు కడుక్కుంది.

"నేను చచ్చినవాటినే చూస్తానండీ. బతికున్నవాళ్లకి వేరే డాక్టరుండాలి," అని, ఆసుపత్రికి ఫోను చేసింది.

మెట్లు దిగుతుంటే బావ వెనకనుంచి అడిగాడు. అరవలేదు.

"ఎందుకురా? సరేనందిగా ఆవిడ. అయిపోయిందిగా."

ముంగి రెండు మెట్లు దిగాక అన్నాడు. "చెయ్యి నాది బావా."



ఆ వారంలోనే బావని పొమ్మన్నారు. ముంగిని తియ్యలేదు. దెబ్బ తగిలినవాణ్ణి తీస్తే లేనిపోని తంటా అని పైవాళ్లలో ఒకాయన అన్నాడట. కుర్చీ అలాగే ఉంది. మందు సంగతేం తేలలేదు, మొదటినుంచీ మళ్లీ చెయ్యాలన్నారు. అల్లుడికి లోపలా బయటా ఎక్కడా గడ్డ లేదు. ఒక్కడితో ఏదీ తేలదంది డాక్టరమ్మ.

ఆసుపత్రిలో చేతికి కోత పడింది. చేసినాయన కుర్రాడిలా ఉన్నాడు, మాట మాత్రం ముసలాయన మాట. "నరం దానికి అతుక్కుపోయిందండీ. ఎంత జాగ్రత్తగా తీసినా కొంత పోయింది. బొటనవేలికి ఈ పక్కన ఇక స్పర్శ ఉండదు." సూదిమొనతో తాకి చూపించాడు. నిజమే, లేదు. తీసిన ముక్కని పరీక్షకి పంపామన్నాడు. కబురొచ్చేదాకా ఆగాలి.

ముంగి ఆగాడు. ఆ రోజుల్లో అక్క ఇంటికి వెళ్లలేదు. పొట్లం కట్టించుకుని తన గదిలోనే తిన్నాడు. అక్క నుంచి పిలుపూ రాలేదు. గదిలో మంచం, కొయ్యకి చొక్కా, కిటికీలో సబ్బు. వాటినే చూస్తూ కూర్చునేవాడు. చేతికి కట్టు. పనిలో ఖాళీ పెట్టెలు ఎడమచేత్తో కడిగేవాడు.

కబురొచ్చింది. "ఏమీ లేదు. గాజుగింజ చుట్టూ మాంసం గట్టిపడింది, అంతే," అన్నాడు ఆసుపత్రాయన.

"ఎలుకలకొచ్చింది కాదా?"

"కాదు. ఇంటికెళ్లి హాయిగా ఉండండి."

సాయంత్రం ముంగి అక్క ఇంటికి వెళ్లాడు. బావ గుమ్మంలో కూర్చుని తెగిన చెప్పు చూసుకుంటున్నాడు. గడ్డం మాసింది. తలెత్తాడు.

"ఏమన్నారు?"

"ఏమీ లేదన్నారు."

"ఏమీ లేదా?"

"మాంసం గట్టిపడిందట. అంతే."

బావ చెప్పు కింద పెట్టాడు. "కొండని తవ్వి ఎలుకని పట్టారన్నమాట," అన్నాడు. "కొండని నేను." నవ్వబోయాడు. సగంలో ఆగిపోయింది. చెప్పు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "నోరు మూసుకునుంటే నీకూ ఏమీ అయ్యేది కాదు, నాకూ ఏమీ అయ్యేది కాదు గదరా."

"అప్పుడు తెలియదుగా."

బావ ఆలోచించాడు. "తెలియదు," అని ఒప్పుకున్నాడు. "అదీ నిజమే. తెలియదు."

లోపలినుంచి అక్క వచ్చింది. విన్నట్టే ఉంది. ముంగి మొహం చూడలేదు, కట్టు చూసింది.

"ఏమీ లేదా?"

"లేదు."

"ఏమీ లేదు," అని తనలో తను అనుకుంది. "తిన్నావా?"

"లేదు."

"ఏ చేత్తో తింటున్నావు?"

"ఎడం చేత్తో."

"అమ్మ ఉంటే మొట్టేది." లోపలికెళ్లి పళ్లెం పెట్టింది, అందులో ఒక చెంచా వేసింది. ముగ్గురూ తిన్నారు. బావ ఒక్క మాట మాట్లాడలేదు. ముంగికి ఏదో ఒకటి అనాలనిపించింది. ఏమనాలో తోచక మంచినీళ్లు తాగాడు.

మర్నాడు పొద్దున్నే ముంగి పనికి వెళ్లి, కిందికి దిగకుండా పై అంతస్తులు ఎక్కాడు. కోతగది దాటి అంత పైకి ఎప్పుడూ ఎక్కింది లేదు. పైవాళ్లందరికీ పెద్దాయన గది తలుపు మూసి ఉంది. వరండా తుడిచేఆవిడ చీపురు ఆపి, "ఎవరు కావాలి?" అంది.

"మా బావని మళ్లీ పెట్టుకోమని. నేను మానేస్తాను."

"నాతో చెబితే ఏం లాభం నాయనా. ఆయన మధ్యాహ్నానికి గానీ రాడు. అప్పుడు రా."

ముంగి తలూపి దిగాడు. ఎలుకల గదిలో కొత్త ఎలుకలు దిగి ఉన్నాయి. ఈసారి చిప్పులు వద్దన్నారు, పూర్వంలా చెవులు కత్తిరించి గుర్తు పెట్టమన్నారు. కోటు తొడుక్కుని, కట్టు మీద తొడుగు లాక్కుని మొదటి పెట్టె మూత తీశాడు. కుడిచేత్తో ఎలుక మెడ పట్టాడు. బొటనవేలికి ఎలుక తెలియలేదు. పట్టు చిక్కిందో లేదో కళ్లతో చూసుకుని, ఎడమచేత్తో కత్తెర తీసి చెవి కొస కత్తిరించాడు. దాన్ని పెట్టెలో వదిలి ఇంకోదాన్ని తీశాడు.